వడియాలు పెట్టే రోజున మూయవలసిన పెట్టె

ప్రశ్న: మాది కడప. బుగ్గవంకకు నాలుగు వీధుల అవతల ఉంటాం. మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా మా అబ్బాయికి రాకెట్ నమూనాల కిట్లు తెచ్చేవాడు. మొత్తం పదకొండు. మూడు కట్టాడు, ఎనిమిది ఇంకా విప్పనేలేదు. అబ్బాయి ఇప్పుడు చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కిట్లన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టాను. పది రోజుల కిందట మిద్దె మీది ట్యాంకు పొంగి, స్లాబులోంచి నీళ్లు దిగి, రెండు కిట్లు బాగా తడిశాయి. ఎండలో ఆరబెడితే చెక్క రెక్కలు వంకర తిరిగాయి. ఒక కిట్ అడుగున వేలెడంత అట్ట గొట్టాలు నాలుగు కనిపించాయి. టపాసుల వాసన వస్తోంది. అవీ తడిశాయి, వాటిని కూడా ఎండలో పెట్టమంటారా? మిగిలిన కిట్లను గాలి దూరని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టేస్తే సరిపోతుందా? మావారు మాత్రం ఇవన్నీ ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు.
– ఒక తల్లి, కడప

సమాధానం: అమ్మా, ముందు ఆ నాలుగు గొట్టాల సంగతి చూద్దాం. ఈ సమాధానం మీకు చేరేలోపే వాటిని ఎండలో పెట్టి ఉంటే వెంటనే తీసి నీళ్ల బకెట్‌లో వేయండి. మిగతాది ఆ తర్వాత చదవవచ్చు.

అవి రాకెట్ మోటార్లు. మన ఊళ్లలో మోటారు అంటే బోరులోంచి నీళ్లు తోడేది. మీ ట్యాంకును పొంగించింది ఆ మోటారు. రాకెట్లు ఎగరేసేవాళ్లు ఈ అట్ట గొట్టాన్ని మోటారు అంటారు. ఎక్కువగా దొరికే రకం 18 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. లోపల ఉండేది నల్లమందు, అంటే సురేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపి రాయిలా బిగిసేటట్టు దట్టించిన మందు. ఒక చివర మట్టితో చేసిన సన్నని మూతి ఉంటుంది, మంట అందులోంచి బయటికి తన్నుతుంది.

దీపావళి ముందు రోజు టపాసులను చేటలో పోసి మిద్దె మీద ఎండబెట్టడం మన ఇళ్లలో అందరికీ అలవాటే. మీకు ఎండ గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఈ మోటారు సంగతి వేరు. ఇందులో మందంతా ఒకే దిమ్మ. అగరుబత్తి కాలినట్టు ఒక వైపు నుంచి పొరపొరగా కాలుతుంది కాబట్టే అది పేలకుండా తోస్తుంది. తడిసినప్పుడు ఆ దిమ్మ ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుని పగుళ్లిస్తుంది, గొట్టం గోడ నుంచి విడివడుతుంది. అంటించాక మంట ఆ పగుళ్లలోకి దూరిందంటే, ఒకటి రెండు సెకన్ల పాటు కాలవలసిన మందు ఒక్క క్షణంలో కాలి గొట్టాన్ని చీల్చుకుని వస్తుంది. మట్టి మూతి కూడా నీళ్లకు మెత్తబడుతుంది. చిక్కు ఏమిటంటే, ఆరిన తర్వాత పైకి చూస్తే అది కొత్తదానిలాగే ఉంటుంది. మీ అబ్బాయి సెలవులకు వచ్చి, బాగానే ఉంది కదా అనుకుంటే ఆపేదెవరు?

అందుకని బకెట్ నీళ్లలో రెండు మూడు రోజులు నాననివ్వండి. అట్ట పొరలు వాటంతటవే విచ్చుకుని లోపలి మందు నల్లని బురదలా అవుతుంది. గట్టి ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు. అప్పుడు పెరట్లో చెట్లకు దూరంగా గుంట తీసి పోసి మట్టి కప్పండి. నానుతున్నన్నాళ్లూ బకెట్ మీద మూత పెట్టండి, ఆ నీళ్లలో కుక్కగానీ దూడగానీ మూతి పెట్టకూడదు. ఇంకొక మాట. ఇవి మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనల కిందికి వస్తాయి. అనుమతి లేకుండా తెచ్చుకోవడానికి, దాచుకోవడానికి వీల్లేదు. విమానంలో ప్రయాణికుల సామానులోనూ తేకూడదు. మీ తమ్ముడు చూసుకోకుండా తెచ్చి ఉంటాడు. ఈసారి వచ్చేటప్పుడు కిట్ విప్పి చూసి మరీ తెమ్మనండి.

ఇక ప్లాస్టిక్ పెట్టె. మీ ప్రశ్నల్లో నాకు బాగా తెలిసింది ఇదే, ఎందుకంటే ఇందులో నేను ఒకసారి దెబ్బ తిన్నాను.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు మేము పాతబస్తీలో కింది ఇంట్లో ఉండేవాళ్లం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊళ్లోకి వచ్చాయి. కట్టుబట్టలతో పొరుగువారి మేడ ఎక్కాం. ఎక్కే ముందు నేను చేసిన గొప్ప పని, బాల్సా చెక్కతో కట్టుకున్న గ్లైడర్లను, అంటే ఇంజిను లేకుండా ఎగిరే చిన్న విమాన నమూనాలను, వాటి నమూనా కాగితాలను ఇనుప ట్రంకు పెట్టెలో పెట్టి, మూత బిగించి, గొళ్లెం వేయడం. నీళ్లు తీసి, వీధిలో బురద ఎండి పెచ్చులు లేస్తున్న రోజుల్లో ఇంటికి వెళ్లాం. గోడలు ఆరుతున్నాయి, మంచాలు ఆరుతున్నాయి. ట్రంకు పెట్టె తెరిస్తే అందులో సగానికి నీళ్లు. ఎర్రటి నీళ్లలో గ్లైడర్ రెక్కలు అరటి దొప్పల్లా తేలుతున్నాయి. మూత సందులోంచి లోపలికి వెళ్లిన నీటికి బయటికి దారి లేదు. ఊరంతటిలో చివరిదాకా వరద నిలిచిన చోటు నా పెట్టే. బయటే వదిలేసిన ఒక గ్లైడర్ కిటికీ చువ్వలకు చిక్కుకుని, ఒక రెక్క విరిగినా, చక్కగా ఆరిపోయి ఉంది.

నీళ్లను రానివ్వని పెట్టె వచ్చిన నీళ్లను పోనివ్వదు కూడా. వరద దాకా ఎందుకు, చెమ్మ కూడా అంతే. ఆరినట్టే కనిపించే చెక్కలోనూ అట్టలోనూ బరువులో పదోవంతు దాకా నీరు ఉంటుంది. వానాకాలంలో అది ఇంకా ఎక్కువ. ఆ తేమతోనే కిట్లను గాలి చొరని పెట్టెలో పెట్టి మూశారనుకోండి, పగలు వేడికి ఆ నీరు గాలిలోకి వస్తుంది, రాత్రి చల్లబడగానే మూత లోపలి వైపు చెమట పడుతుంది. పెట్టెలోని గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే నిలిచిందంటే అట్ట మీద బూజు పట్టడానికి పెద్దగా రోజులు పట్టదు. చెన్నై నుంచి అబ్బాయి వచ్చి మూత తీసేసరికి పాత గోనెసంచి వాసన కొడుతుంది. చుక్క నీరు కూడా దూరలేదు కదా అని మీరు తెల్లబోతారు.

కాబట్టి పెట్టె కొనండి, ఇప్పుడు మూయకండి. కడపలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో, తుపాన్ల వేళ కూడా పడతాయి. మీరు ఉత్తరం రాసింది సరిగ్గా ఆ కాలంలోనే. తడవని ఆరు కిట్లను ఫాల్గుణం దాకా లోపలి గదిలో, గాలి ఆడే అరలో, పలచని గుడ్డ కప్పి ఉంచండి. మార్చి దాటి ఎండలు ముదిరి, మిద్దె మీద వడియాలు పెట్టే రోజులు వస్తాయి చూడండి, పెట్టె మూయవలసింది అప్పుడు. ఆ రోజు కూడా చిన్న పరీక్ష ఒకటి చేయండి. ఒక అప్పడం వేయించి కిట్లున్న గదిలోనే పళ్లెంలో వదిలేయండి. అరగంట తర్వాత విరిస్తే ఫెళ్లుమనాలి. మెత్తగా వంగితే అది తినేసి ఇంకో రోజు చూడండి. తేమ కొలిచే చిన్న యంత్రాలు బజారులో దొరుకుతాయి, కొన్నా తప్పు లేదు. నాకు మాత్రం అప్పడం మీద నమ్మకం ఎక్కువ.

ఒక్క హెచ్చరిక. ఎండాకాలమే కదా అని కూలర్ నడిచే గదిలో ఈ పని పెట్టుకోవద్దు. కూలర్ గదిని చల్లబరిచేదే నీటిని గాలిలోకి వదిలి. బయట మే నెల ఎండ మండుతున్నా, కూలర్ గదిలో అప్పడం శ్రావణమాసంలోలాగే వంగుతుంది. అనంతపురంలో ఒక మిత్రుడు కాగితపు నమూనాలన్నీ కూలర్ గదిలో షోకేసులో పెట్టుకున్నాడు. వానే కురవని ఊళ్లో తన బొమ్మలకు బూజు ఎలా పట్టిందో అతనికి రెండేళ్లు అర్థం కాలేదు.

పెట్టె విషయానికి వస్తే, మూత చుట్టూ రబ్బరు బద్దె ఉండి, నాలుగు వైపులా గొళ్లేలు పడే రకం తీసుకోండి. లోపలున్నది కనిపించేటట్టు తెల్లని పారదర్శక ప్లాస్టిక్ అయితే మేలు. కొన్న రోజునే పరీక్షించండి. లోపల పొడి వార్తాపత్రిక పరిచి, మూసి, కుళాయి కింద కాసేపు తిప్పి తిప్పి తడపండి. తర్వాత మూత తుడిచి తెరిచి చూడండి. పత్రిక అంచు ఒక్క చోట నల్లబడినా కొట్టువాడికి తిరిగి ఇచ్చేయండి. లోపల ఒక్కొక్క కిట్‌ను విడిగా జిప్ ఉన్న పాలిథిన్ సంచిలో పెట్టండి. రేపు ఒకటి చెడినా పక్కదానికి అంటదు. ప్రతి సంచిలో ఒక సిలికా జెల్ పొట్లం వేయండి. రంగు మారే రకం అయితే బయటి నుంచే సంగతి తెలుస్తుంది. నారింజ రంగు గింజలు తేమ పీల్చుకున్నాక ఆకుపచ్చకు తిరుగుతాయి. గింజలను 110–120 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటా రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. దానికి వంటింటి మూకుడు వాడకండి, పాతది ఒకటి విడిగా పెట్టుకోండి. నీలం నుంచి గులాబీకి మారే రకం కూడా ఉంది. అందులో కోబాల్ట్ ఉంటుంది కనుక ఇంట్లోకి నేను సిఫారసు చేయను.

సిలికా బదులు బియ్యం పోయమని ఎవరైనా చెబుతారు. వద్దు, పురుగు పడుతుంది. వేపాకు వేయమంటారు. పచ్చి వేపాకు వేస్తే చెమ్మను మీ చేతులతో మీరే లోపల పెట్టినట్టు. కలరా ఉండలు అసలే వద్దు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. కిట్‌లో రాకెట్ కొసన అమర్చే ముక్కు శంకువు, రాకెట్‌ను మెల్లగా దించే గొడుగుకు (పారాచూట్‌కు) సంబంధించిన చిన్న భాగాలు చాలావరకు ప్లాస్టిక్‌వే. ముక్కు మీద వేలిముద్ర దిగిందంటే ఇక దాన్ని సరిచేయలేం.

ఎక్కడ పెట్టాలి అన్నది పెట్టెకంటే పెద్ద ప్రశ్న. ఇలాంటి కిట్లు పుట్టింది అమెరికాలో, 1950ల చివర్లో. అక్కడివాళ్లు నేలమాళిగలో నీళ్లు చేరతాయి జాగ్రత్త అంటారు. మనకు నేలమాళిగలు లేవు, అటకలు ఉన్నాయి. అటక రెండు విధాలా చెడ్డది. పైన ట్యాంకు ఉంటే దాని నీరు ముందు దిగేది అక్కడికే. నీరు దిగకపోతే ఏప్రిల్, మే నెలల్లో స్లాబు వేడి దిగుతుంది. ఆ వేడికి ముక్కును గొట్టానికి కట్టే రబ్బరు తాడు పెళుసెక్కుతుంది, మడత పెట్టిన ప్లాస్టిక్ గొడుగు తనకు తానే అంటుకుంటుంది, రాకెట్ మీద అంటించే జిగురు బొమ్మలు పసుపుపచ్చబడతాయి. గోడలో పాతిన కడప బండ అరలు చూడడానికి భద్రంగానే ఉంటాయి. కానీ గోడకు అవతల స్నానాలగది ఉంటే ఆ చెమ్మ బండ వెంటే వస్తుంది. పెట్టాలంటే కింద రెండు చెక్క పట్టీలు వేసి, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచి పెట్టండి. నేల మీద పెట్టడం ఎలాగూ వద్దు. తడి అట్ట గోడకు ఆనిందంటే వరదకు ముందే చెదలు వస్తాయి. బయటి గోడలకూ స్నానాలగదికీ సంబంధం లేని లోపలి గదిలో, ఇనుప బీరువా మధ్య అర నాకు తోచే చోటు.

మీరు బుగ్గవంక పేరు చెప్పారు కనుక ఇది కూడా. 2020 నవంబరులో నివర్ తుపానుకు వంక పొంగినప్పుడు మీ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా? వస్తే గోడ మీద ఆ గీత ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది. పెట్టె అడుగు దానికంటే మూరెడు పైన ఉండాలి. ఇంకొక సంగతి చాలామందికి తోచదు. గాలి నిండిన ప్లాస్టిక్ పెట్టె నీళ్లలో తేలుతుంది. తేలి, తిరగబడి, ఏ బల్ల మూలకో కొట్టుకుంటే గొళ్లెం ఊడుతుంది. అందుకని అరలోనే తాడుతో కట్టేయండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనబెట్టి, పెట్టెను పైఅంతస్తువారి ఇంటికి పంపండి. అంతకంటే మంచి అర మీ బీరువాలో దొరకదు.

ఇక తడిసిన రెండు కిట్లు. వంకర తిరిగిన రెక్కల గురించి బాధపడకండి, అవి బాగుపడతాయి. తప్పు నీళ్లది కాదు, ఎండది. బాల్సా చాలా తేలికైన చెక్క, పంటి గాటు కూడా పడుతుంది. ఎండ తగిలిన వైపు ముందు ఆరి ముడుచుకుంది, అడుగువైపు ఇంకా ఉబ్బే ఉంది, అందుకే దొప్పలా వంగింది. దాన్ని సరిచేయాలంటే మళ్లీ తడపాలి. వినడానికి వింతగా ఉన్నా పద్ధతి అదే. గుంట పడిన వైపు తడిగుడ్డతో మెల్లగా తుడవండి, నీళ్లు కారకూడదు. చెక్క మెత్తబడి కొంచెం చదును కాగానే రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, చదునైన బండ మీద పరిచి, పైన ఇంకో బండో రెండు లావుపాటి నిఘంటువులో పెట్టండి. నాలుగైదు గంటలకొకసారి కాగితాలు మార్చండి. నీడలోనే. రెండు మూడు రోజుల్లో చదునుగా వస్తాయి. వార్తాపత్రిక వాడితే అక్షరాలు చెక్కకు దిగుతాయి. రంగు వేస్తే కనబడవనుకోండి, నా గ్లైడర్ ఒకటి చాలాకాలం ఒక సంతాప ప్రకటనను మోసుకుంటూ ఎగిరింది.

రాకెట్ ఒళ్లుగా ఉండే పెద్ద అట్ట గొట్టాలది (మోటార్లు కావు) వేరే కథ. అవి సన్నని కాగితపు పట్టీలను మెలికలుగా చుట్టి జిగురుతో అంటించినవి. మెలిక వెంట అంచు లేచిందా అని గోటితో తడిమి చూడండి. లేచి ఉంటే ఆ గొట్టాన్ని వదులుకోవలసిందే. లేవకపోతే చార్టు కాగితాన్ని చుట్టగా చుట్టి లోపలికి దూర్చి, అది విచ్చుకుని గొట్టాన్ని గుండ్రంగా పట్టుకునేటట్టు చేసి, నిలువుగా నిలబెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఆరిన తర్వాత ముక్కు శంకువును అమర్చి, ముక్కు పట్టుకుని పైకెత్తండి. గొట్టం దానితోపాటు వేలాడాలి, కొంచెం విదిలిస్తే ఊడాలి. విదిలించినా ఊడకపోతే గొట్టం ఉబ్బి అలాగే బిగిసిందన్నమాట. పైన గొడుగు విచ్చుకోవలసిన వేళ ముక్కు ఊడకపోతే రాకెట్ రాయిలా నేలకు దిగుతుంది. అలాంటి గొట్టం షోకేసులో పెట్టుకోవడానికి మాత్రమే.

ప్లాస్టిక్ గొడుగుకు నీళ్లతో నష్టం లేదు. తుడిచి, ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి వదులుగా మడవండి. రబ్బరు తాడును పారేసి దర్జీ దగ్గర మంచి ఎలాస్టిక్ కొనండి. మంట తగలకుండా గొడుగు కింద పెట్టే పలచని కాగితం తడిసి ఉంటే దాన్ని నేను నమ్మను. నీటిలో నానబెట్టి జార్చి అంటించే బొమ్మల కాగితం మాత్రం ఈపాటికి పక్క కాగితానికి అతుక్కుపోయి ఉంటుంది, లాగకండి, లాగితే రెండూ పోతాయి. చెక్క మీద తెల్లని బూజు కనిపిస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట పొడి బ్రష్‌తో దులిపి, తర్వాత స్పిరిట్‌తో తుడవండి. బొమ్మల మీదికి స్పిరిట్ పోనివ్వకండి.

తడవని కిట్లకు పెట్టెకంటే గట్టి రక్షణ ఒకటి ఉంది. దానికి జెరాక్స్ ఖర్చు తప్ప ఏమీ కాదు. ఒక్కొక్క కిట్ విప్పి, కట్టే విధానం కాగితాన్ని, బొమ్మల కాగితాన్ని స్కాన్ చేయించండి. రెక్కల చెక్కను తెల్లకాగితం మీద పెట్టి సన్నని పెన్సిల్‌తో చుట్టూ గీయండి. చెక్క పొరలు ఏ దిక్కుగా ఉన్నాయో ఒక బాణం గుర్తు వేయండి, అది తప్పితే రెక్క మొదటి దెబ్బకే విరుగుతుంది. గొట్టాల పొడవు, లోపలి వ్యాసం రాసుకోండి. రేపు చెక్క చివికినా బాల్సా పలక మళ్లీ కొనుక్కోవచ్చు, గొట్టాన్ని కాగితంతో మళ్లీ చుట్టుకోవచ్చు. కొలతలు పోతే కిట్టే పోయినట్టు. నా ట్రంకు పెట్టెలో గ్లైడర్లకంటే నన్ను ఎక్కువ ఏడిపించినవి ఆ నమూనా కాగితాలే.

మీవారి మాటకు నా జవాబు సగం అవును, సగం కాదు. తడవని ఆరింటిని మీ అబ్బాయిని అడగకుండా ఎవరికీ ఇవ్వకండి. తడిసిన రెండూ మాత్రం దాచుకునే సరుకు కాదు. ఒకసారి తడిసి ఆరిన అట్టకు మునుపటి గట్టిదనం ఉండదు. సంక్రాంతి సెలవులకు అబ్బాయి వచ్చినప్పుడు ఆ రెండూ ముందు పెట్టి కట్టేయమనండి. కట్టి, ఇసుక కాగితంతో రుద్ది, రెండు పూతలు రంగు వేసిన రాకెట్ పెట్టెలోని కిట్‌కంటే చెమ్మను బాగా తట్టుకుంటుంది. తెల్ల జిగురు నీటికి లొంగే రకం కనుక అతుకుల మీద కూడా రంగు పడాలని చెప్పండి.

ట్యాంకు సంగతి మీరు అడగలేదు. అయినా, పొంగిన నీరు బయటికి పోయే గొట్టం స్లాబు మీదికి కాకుండా గోడ అవతలికి వంచి ఉందో లేదో ఈ ఆదివారం ఎవరినైనా మిద్దె ఎక్కించి చూపించండి.